బెంగళూరు వండర్‌లాకి ఇంటిల్లిపాదీ మొదటిసారి వెళ్తున్నారా? ప్లాన్ ఇలా వేసుకోండి

సెలవులు దగ్గర పడగానే అనంతపురం నుంచో కడప నుంచో బెంగళూరులో ఉన్న మావయ్యకి ఫోన్ వస్తుంది. "పిల్లలు వండర్‌లా వండర్‌లా అని ప్రాణం తీస్తున్నారు, ఎప్పుడు రమ్మంటావు?" ఫోన్ పెట్టేయగానే చాలామంది మావయ్యలు చేసే మొదటి పని ఆ రైడ్ల పార్కుకి టికెట్లు బుక్ చేయడం. ఆ పని ఆఖరికి పెట్టుకోండి. ఎవరెవరు వస్తున్నారు, వాళ్ళలో ఎవరు ఏమేం ఎక్కగలరు, ఎవరికి ఎంతసేపు తిరిగే ఓపిక ఉంది అన్న లెక్క ముందు తేలాలి. ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ళనీ అందరికన్నా పెద్దవాళ్ళనీ చూసుకుని రోజుని అమర్చుకుంటే మధ్యవాళ్ళకి ఎలాగూ సరదాగానే గడిచిపోతుంది. కుర్రాళ్ళ హుషారుని బట్టి ప్లాన్ వేస్తే మాత్రం మధ్యాహ్నం రెండింటికల్లా ఒకరు ఏడుస్తుంటారు, ఒకరు మోకాళ్ళు పట్టుకుని కూర్చుంటారు.

పార్కు మైసూరు రోడ్డులో, బిడది దగ్గర ఉంది. నగరం నడిబొడ్డు నుంచి సుమారు 28 కిలోమీటర్లు. కొచ్చిలో 2000లో ఇలాంటి పార్కు మొదలుపెట్టిన వాళ్ళే దీన్ని 2005లో తెరిచారు. మనవాళ్ళలో చాలామందికి తెలిసిన హైదరాబాద్ రావిర్యాల పార్కు 2016లో వచ్చింది. బెంగళూరుది దాదాపు 82 ఎకరాలు, రైడ్లు అరవైకి పైనే. కొన్ని పొడి రైడ్లు, కొన్ని నీళ్ళ రైడ్లు. ఒక్క రోజులో అన్నీ ఎక్కేయడం ఎవరివల్లా కాదు, ఆ పట్టుదల ఇంటి దగ్గరే వదిలేయండి.

ముందు పిల్లల ఎత్తు కొలవండి

ఇక్కడ టికెట్ వయసుని బట్టి ఉండదు, ఎత్తుని బట్టి ఉంటుంది. రైడ్లకీ అంతే. ఒళ్ళు జలదరించే పెద్ద రైడ్లలో చాలావాటికి 140 సెంటీమీటర్లు, అంటే సుమారు నాలుగడుగుల ఏడంగుళాలు ఉండాలి. రైడ్ దగ్గర కొలిచే గీత ఉంటుంది. అక్కడున్న మనిషిని బతిమాలినా లాభం లేదు, బతిమాలకూడదు కూడా. సీటు మీద పడే ఆ కడ్డీ భుజాలని సరిగ్గా పట్టి ఉంచాలంటే ఆ ఎత్తు కావాలి.

అందుకే ఇంట్లోనే కొలవండి. చెప్పులు విప్పించి, మడమలు గోడకి ఆనించి నిలబెట్టండి. అట్ట గట్టిగా ఉన్న పుస్తకం ఒకటి తల మీద అడ్డంగా పెట్టి, దాని అంచు గోడకి తగిలిన చోట పెన్సిల్‌తో గీత గీయండి. తర్వాత నేల నుంచి గీత దాకా టేపుతో కొలవండి. జుట్టు పైకెత్తి కట్టిన పిలక ఉంటే విప్పేయాలి, లేకపోతే మూడు నాలుగు సెంటీమీటర్లు అబద్ధం వస్తుంది. 138 వచ్చిందనుకోండి, ఆ సంగతి వాడికి ఆ రోజే చెప్పేయండి. "ఇది నువ్వు ఎక్కలేవు నాన్నా, దీని బదులు అది రెండుసార్లు ఎక్కుదువు గాని" అని ఇంట్లో చెబితే పది నిమిషాలు అలుగుతాడు, అంతే. అదే మాట ముప్పావు గంట క్యూలో నిలబడ్డాక, పెదనాన్న కొడుకు లోపలికి వెళ్ళిపోయాక, ఆ కొలిచే గీత పక్కన వింటే ఆ రోజంతా వాడి మొహం చూడలేం.

పిల్లల కొలతలు కాగితం మీద రాసుకుని, పార్కు వెబ్‌సైట్‌లో రైడ్ల వివరాలతో సరిచూసుకోండి. ఎవరు ఏవి ఎక్కవచ్చో అరగంటలో తేలిపోతుంది. తర్వాత ఒక్కొక్కరినీ "నీకు కచ్చితంగా కావాల్సింది ఒక్కటి చెప్పు" అని అడగండి. రెండు కాదు, ఒక్కటే. ఆరుగురుంటే ఆరు పేర్లు వస్తాయి. ఆ రోజు తప్పకుండా జరగాల్సినవి ఆ ఆరే, మిగతావి కుదిరితే కుదురుతాయి.

ఇంట్లో రెండేళ్ళ లోపు పాపాయి ఉండి, మిగతా పిల్లలు కూడా చిన్నవాళ్ళే అయితే నా సలహా వేరే. ఈ ఏడాదికి బన్నేరుఘట్ట జూ, లాల్‌బాగ్‌తో సరిపెట్టండి. జూకి మంగళవారం సెలవు, చూసుకోండి. ఇంకో రెండు మూడేళ్ళాగి వెళ్తే పెట్టిన డబ్బుకి పిల్లలకి నాలుగింతల సరదా దక్కుతుంది.

పెద్దవాళ్ళ సంగతి

గుండె జబ్బు, బీపీ, మూర్ఛ, మెడనొప్పి, నడుంనొప్పి, ఈమధ్యే అయిన ఆపరేషన్, గర్భం: వీటిలో ఏది ఉన్నా పెద్ద రైడ్ల జోలికి వెళ్ళకూడదు. తాతయ్య "నాకేం, రాయిలా ఉన్నాను" అంటారు. మొహమాటపడకుండా ముందే మాట్లాడండి. రీకాయిల్ అనే రోలర్ కోస్టర్ తలకిందులుగా తిప్పుకుంటూ ముందుకు తీసుకెళ్ళి, అదే పట్టాల మీద మళ్ళీ తలకిందులుగా వెనక్కి తెస్తుంది. మెడ మీద ఆ భారం పడుచువాళ్ళకి కూడా తెలుస్తుంది.

అరవై దాటినవాళ్ళకి టికెట్‌లో రాయితీ ఉంటుంది, ఆధార్ కార్డు పెట్టుకోండి. రైడ్లు ఎక్కకపోయినా లోపలికి రావాలంటే టికెట్ తీసుకోవాల్సిందే. అంత డబ్బు పెట్టి అమ్మమ్మ రోజంతా బ్యాగులకి కాపలా కూర్చోవడం అన్యాయం. నీళ్ళలోకి దిగకపోయినా ఆవిడకి నచ్చేవి ఉన్నాయి, మెల్లగా తిరిగేవి ఉన్నాయి, చెట్ల నీడ ఉంది. బ్యాగులకి లాకర్ అద్దెకి తీసుకుని, అమ్మమ్మ పక్కన వంతులవారీగా ఎవరో ఒకరు ఉండేలా చూడండి. అమ్మమ్మ "నాకేం పర్లేదు, మీరు వెళ్ళండి" అంటే ఆ మాట పట్టుకుని వెళ్ళిపోకండి.

ఏ రోజు వెళ్ళాలి

శని, ఆదివారాలు వద్దు. ఇది అందరూ చెప్పేదే. మన తెలుగు కుటుంబాలకి ఇంకో సదుపాయం ఉంది, దాన్ని పెద్దగా ఎవరూ వాడుకోరు. మన సెలవులూ కర్ణాటక సెలవులూ ఒక్కటి కావు. ఆంధ్రాలో బడులు జూన్ రెండో వారంలో గాని తెరవరు, కర్ణాటకలో మే ఆఖరుకో జూన్ మొదటికో తెరిచేస్తారు. జూన్ మొదటి వారంలో మంగళవారమో బుధవారమో వెళ్తే మన పిల్లలకి సెలవు, బెంగళూరు పిల్లలకి బడి. సంక్రాంతి కూడా అలాంటిదే. మనకి వారం పైన సెలవులు, బెంగళూరులో ఒక్క రోజుతో సరి. పండగ మర్నాడో ఆ మర్నాడో పనిరోజు చూసుకుని వెళ్ళండి. దసరాకి మాత్రం ఈ లెక్క పనిచేయదు, ఇద్దరికీ ఒకేసారి సెలవులు.

నవంబరు నుంచి జనవరి దాకా బడి పిల్లలని బస్సుల్లో విహారయాత్రలకి తీసుకొస్తుంటారు, కాబట్టి అప్పుడు పనిరోజుల్లో కూడా కాస్త సందడి ఉంటుంది. ఆదివారం కన్నా ఎంతో నయం.

వాన సంగతి చూసుకోండి. బెంగళూరులో ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉరుములతో వాన దంచుతుంది. ఉరుములు మొదలైతే రైడ్లు ఆపేస్తారు. ఆ నెలల్లో వెళ్తే ముఖ్యమైనవన్నీ మూడు గంటల లోపే ముగించేలా చూసుకోవాలి. డిసెంబరు, జనవరిలో వాన గొడవ లేదు గాని నాలుగు దాటితే చలి. తడిసిన పిల్లల పెదాలు నీలంగా మారతాయి.

ఊరి నుంచి వచ్చేవాళ్ళకి ఒక గట్టి మాట. విజయవాడ నుంచో హైదరాబాద్ నుంచో రాత్రి బస్సెక్కి పొద్దున దిగి, స్నానం చేసి నేరుగా పార్కుకి వెళ్ళొద్దు. మధ్యలో ఒక రోజు ఇంట్లో ఉండండి. నిద్ర లేని పిల్లలకి తిరిగే రైడ్లు ఎక్కిస్తే వాంతులే. అలాగే ఆ రాత్రికే తిరుగు రైలు పెట్టుకోవద్దు.

ఇప్పుడు టికెట్లు

రోజు ఖాయమయ్యాక ఆన్‌లైన్‌లో బుక్ చేయండి. ధర రోజుని బట్టి మారుతుంది, వారాంతాలకీ పండగలకీ ఎక్కువ. కాలేజీ పిల్లలకి ఐడీ కార్డు మీద రాయితీలు ఇస్తుంటారు, బుక్ చేసే ముందు ఆఫర్ల పేజీ ఒకసారి చూడండి.

ఫాస్ట్‌ట్రాక్ అని క్యూలు తప్పించే టికెట్ ఉంది, ధర బాగా ఎక్కువ. సెలవు రోజున వెళ్ళక తప్పనప్పుడు, ఇంట్లో అందరూ పెద్ద రైడ్లు ఎక్కే ఎత్తూ ఓపికా ఉన్నవాళ్ళే అయినప్పుడు తీసుకోండి. చిన్న పిల్లలూ పెద్దవాళ్ళూ ఉన్న కుటుంబానికి, అదీ పనిరోజున, దండగ. ఆ డబ్బుతో అందరూ కడుపునిండా తిని రావచ్చు.

టికెట్ డబ్బులు సగం ఖర్చే అనుకోండి. మిగతాది రవాణా, ఈత దుస్తులు, లాకర్, తిండి, రైడ్ మధ్యలో తీసే ఫోటోలు, ఐస్‌క్రీములు. ఎవరు ఏం పెట్టుకుంటారో బయల్దేరక ముందే తేల్చుకుంటే బావగారికీ బావమరిదికీ కౌంటర్ దగ్గర "నేనిస్తా, నేనిస్తా" అన్న లాగులాట ఉండదు.

బట్టలు: అందరూ పొరపడేది ఇక్కడే

నీళ్ళ రైడ్లకి నైలాన్ లేదా లైక్రా బట్టలు ఉంటేనే రానిస్తారు. కాటన్, జీన్స్, చీర, చుడీదార్ ఏవీ కుదరవు. నూలు బట్ట నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది, జారుడు గొట్టంలో ఒంటికి అతుక్కుని ఆగిపోతుంది, పోగులు ఊడి నీళ్ళు శుభ్రం చేసే ఫిల్టర్లకి అడ్డం పడతాయి. చున్నీల్లాంటివి దేనికైనా చిక్కుకుంటే ప్రమాదం.

మన ఇళ్ళలో ఆడవాళ్ళు నీళ్ళలోకి దిగకుండా ఒడ్డునే ఉండిపోవడానికి ఈ బట్టల దగ్గర వచ్చే బిడియమే కారణం. దానికి మార్గం ఉంది. పొడుగు చేతులు, మడమల దాకా వచ్చే లెగ్గింగ్ ఉన్న నైలాన్ ఈత దుస్తులు దొరుకుతాయి. డెకాథ్లాన్‌లో ఉంటాయి, ఆన్‌లైన్‌లో ఉంటాయి. లోపలి దుకాణంలో కూడా అమ్ముతారు గాని అక్కడ తొందరలో సైజు కుదరదు, నచ్చిన రంగు దొరకదు. వారం ముందే కొని ఇంట్లో ఒకసారి తొడుక్కుని చూస్తే పిన్నికైనా అత్తయ్యకైనా ధైర్యం వస్తుంది. వదినా మరదళ్ళు ఇద్దరూ ఒకే తరహావి తీసుకుంటే ఇంకా మంచిది, ఒకరిని చూసి ఒకరు దిగుతారు. ఇంతదూరం వచ్చి పిల్లల తల్లి ఒడ్డున తువ్వాళ్ళు పట్టుకుని నిలబడితే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

నగలు ఇంట్లో వదిలేయండి. గాజులు, జుంకాలు, మెట్టెలు, పొడుగు గొలుసులు అన్నీ. నల్లపూసలు తీయడం ఇష్టం లేకపోతే పొట్టివి వేసుకుని మెడ దాకా ఉన్న టాప్ లోపలికి నెట్టేయండి. పిన్నీసులు వద్దు. కళ్ళద్దాలకి వెనక కట్టుకునే తాడు కొనండి. కట్టుడు పళ్ళూ చెవి మిషన్లూ ఉన్నవాళ్ళు రైడ్ ఎక్కే ముందు తీసి పెట్టెలో భద్రంగా పెట్టుకోవాలి.

బ్యాగులు రెండు సర్దండి. మొదటిదానిలో ఈత దుస్తులు, తువ్వాళ్ళు, రబ్బరు చెప్పులు, తడిబట్టలు వేసుకోవడానికి రెండు పెద్ద ప్లాస్టిక్ కవర్లు. రెండోదానిలో ఇంటికి వచ్చేటప్పుడు వేసుకునే పొడి బట్టలు, లోదుస్తులతో సహా, మనిషికో జత చుట్టి రబ్బరు బ్యాండు వేసి పెట్టండి. బట్టలు మార్చుకునే గదిలో నేలంతా తడిగా ఉంటుంది, పక్కన జనం. ఆ చుట్ట ఒక్కటి చేతికిస్తే చాలు, బ్యాగంతా కెలకక్కర్లేదు. లోదుస్తుల రెండో జత మర్చిపోయేవాళ్ళు ఎంతమందో.

తిండి

బయటి తిండి లోపలికి రానివ్వరు. పసిపిల్లల ఆహారం, మందులు పట్టుకెళ్ళవచ్చు. పులిహోర, పెరుగన్నం కట్టుకుని గేటు దగ్గర వాదించొద్దు. లోపల హోటళ్ళున్నాయి, అన్నం దొరుకుతుంది, జేబుకి కాస్త బరువు. పొద్దున ఇంట్లో గట్టిగా తినేసి రండి. లేదంటే, పార్కు దాటి రోడ్డు మీద ఇంకాస్త ముందుకెళ్తే బిడది. అక్కడి తట్టె ఇడ్లీ కోసమే మైసూరు వెళ్ళేవాళ్ళు బండి ఆపుతారు. పళ్ళెమంత వెడల్పు, దూదిలా మెత్తన, పైన వెన్నముద్ద కరిగి కారుతూ ఉంటుంది, పక్కన చట్నీ. ఒక్కటి తింటే పెద్దవాళ్ళకి సరిపోతుంది. గేట్లు పదకొండుకి తెరుస్తారు కాబట్టి తొమ్మిదిన్నరకి బిడది చేరితే తినేసి వెనక్కి రావడానికి సమయం ఉంటుంది.

మధ్యాహ్నం భోజనం పన్నెండున్నర లోపే కానిచ్చేయండి, లేదా రెండున్నర దాటాక చేయండి. ఈ రెంటి మధ్యా ఊరంతా అక్కడే ఉంటుంది. తిన్నాక అరగంట దాకా, గిరగిరా తిరిగే రైడ్లు ఎక్కించొద్దు.

ఎలా వెళ్ళాలి

మెట్రో పర్పుల్ లైన్ వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట దాకా ఉంది, 43 కిలోమీటర్ల పైచిలుకు. కుందలహళ్ళి, హూడి, కేఆర్ పురం వైపు ఉన్న తెలుగు కుటుంబాలకి ఇది వరం. రైల్లో మెజెస్టిక్‌లో దిగినవాళ్ళకీ అదే లైను. వైట్‌ఫీల్డ్ చివరి నుంచి గంటన్నర దాకా పడుతుంది గాని ట్రాఫిక్ టెన్షన్ లేదు. చల్లఘట్ట నుంచి పార్కుకి బస్సో క్యాబో పట్టుకోవాలి. బిడది వైపు వెళ్ళే బీఎంటీసీ బస్సులు మైసూరు రోడ్డు మీద దొరుకుతాయి.

ఆరుగురు దాటితే, పెద్దవాళ్ళుంటే పెద్ద బండి ఒకటి రోజుకి మాట్లాడుకోవడమే మేలు. సాయంత్రం పార్కు బయట అప్పటికప్పుడు క్యాబ్ బుక్ చేయడం నరకం, అందరూ ఒకేసారి ఫోన్లు తీస్తారు. అయితే సాధారణంగా ఇచ్చే 8 గంటలు, 80 కిలోమీటర్ల ప్యాకేజీ చాలదు. మారతహళ్ళి నుంచి పోనూ రానూ 90 కిలోమీటర్లు దాటుతుంది, పొద్దున ఎనిమిదికి బయల్దేరితే ఇల్లు చేరేసరికి 12 గంటలు. ముందే 12 గంటలకి మాట్లాడుకుంటే డ్రైవరుతో రాత్రి పేచీ ఉండదు.

సొంత కారైతే ఎలక్ట్రానిక్ సిటీ, బీటీఎం వైపు వాళ్ళు నైస్ రోడ్డు మీదుగా మైసూరు రోడ్డుకి రావచ్చు, టోల్ కట్టాలి. 2023లో ప్రారంభమైన మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మధ్య లైన్లలోకి తొందరపడి ఎక్కకండి. ఎక్కితే మలుపు దాటి ముందుకెళ్ళిపోతారు. సర్వీసు రోడ్డు పట్టుకోండి. బైకులకి మధ్య లైన్లలోకి అనుమతి లేదు.

లోపలికి వెళ్ళాక

గేటు తెరిచే వేళకి అక్కడుండండి. నీళ్ళ రైడ్లు సాధారణంగా ఒక గంట ఆలస్యంగా మొదలవుతాయి, పార్కు కన్నా ముందే మూసేస్తారు. అందుకని మొదటి గంట పొడి రైడ్లలో పెద్దవాటికి. ఎత్తు సరిపోయినవాళ్ళు అటు వెళ్తారు, చిన్నపిల్లలూ పెద్దవాళ్ళూ పిల్లల రైడ్ల వైపు. ఇలా విడిపోవడానికి సంకోచించొద్దు, తొమ్మిదిమంది కట్టకట్టుకుని తిరిగితే ఎవరికీ ఏదీ దక్కదు. ఎక్కడ, ఎన్నింటికి కలవాలో చెప్పుకుని విడిపోండి. "ఫోన్ చేస్తాలే" పనికిరాదు, రైడ్లెక్కేవాళ్ళ ఫోన్లు లాకర్లో ఉంటాయి.

లోపలికి వెళ్ళగానే పిల్లలని వరసగా నిలబెట్టి ఒక ఫోటో తీయండి. తప్పిపోతే ఏ రంగు బట్టలో ఫోటో చెబుతుంది. రైడ్లెక్కకుండా ఫోన్ దగ్గర పెట్టుకుని ఉండేవాళ్ళ నంబరు బాల్‌పెన్నుతో వాళ్ళ ముంజేతి మీద రాసి, పైన పారదర్శకమైన టేపు అతికించండి. ఊరి పిల్లలకి తెలుగు తప్ప రాకపోవచ్చు. తప్పిపోతే యూనిఫాం వేసుకున్నవాళ్ళ దగ్గరికే వెళ్ళి చెయ్యి చూపించమని చెప్పండి.

భోజనమయ్యాక అందరూ నీళ్ళ వైపు. అలల కొలనులో పదేళ్ళ లోపు పిల్లలని చెయ్యి పట్టుకునే ఉండాలి, లోతు వైపు వెళ్ళనివ్వకండి. మొదట లోతు తక్కువ ఉన్నవి, తర్వాత గొట్టాలు. ఏప్రిల్ ఎండకి కాంక్రీటు నేల పెనంలా కాలుతుంది, రబ్బరు చెప్పులు అందుకే. రెయిన్ డిస్కో ఆఖరుకి ఉంచుకోండి. గోరువెచ్చని నీళ్ళు వానలా పడుతుంటే పాటలకి అందరూ ఎగురుతారు. చలికి వణికే పిల్లలకి ఒళ్ళు వెచ్చబడుతుంది, అప్పటిదాకా బిగుసుకుని ఉన్న పెదనాన్నలు కూడా అక్కడ చేతులెత్తుతారు. తాతయ్యని కూడా తీసుకెళ్ళండి.

నాలుగున్నరకల్లా పిల్లలని నీళ్ళలోంచి తీసేయండి. ఏడుస్తారు, తీసేయండి. తలలు తుడిచి, పొడి బట్టలు వేసి, వేడిగా ఏదైనా తినిపించండి. ఆ చివరి గంటలో పొడి రైడ్ల దగ్గర జనం పలచబడతారు. ఇంట్లో అనుకున్న ఆరు పేర్లలో మిగిలిపోయినవి అప్పుడు పూర్తి చేయవచ్చు.

తిరుగు ప్రయాణంలో ఆదివారమైతే మైసూరు నుంచి వచ్చే బళ్ళన్నీ కెంగేరి, నాయండహళ్ళి దగ్గర ఇరుక్కుంటాయి. ఐదింటికే బయటపడండి, లేదా తీరిగ్గా తినేసి ఎనిమిదింటికి కదలండి. కారులో ఉంచిన పెరుగన్నం డబ్బా ఇప్పుడు తీయవచ్చు, ఎండలో ఉండకుండా ఐస్‌బాక్సులో పెట్టి ఉంటేనే.

ఇంటికి రాగానే పిల్లలకి మంచినీళ్ళతో తలస్నానం చేయించండి. క్లోరిన్ నీళ్ళు అలాగే ఉంటే జుట్టు గరుకుగా తయారై, ఒళ్ళు దురద పెడుతుంది. చెవుల్లో నీళ్ళు ఉండిపోతే తల పక్కకి వంచి తువ్వాలుతో తుడవాలి, పుల్లలు పెట్టకూడదు. ఈత దుస్తులు మామూలు నీళ్ళలో జాడించి నీడన ఆరేయండి. మర్నాడు సాయంత్రం రైలుంటే అప్పటికి ఆరిపోతాయి, ఊరికి తడిమూట మోసుకెళ్ళే పని ఉండదు.